మూడో మిషను మింగిన తొమ్మిది పేజీలు

గోడ ప్లగ్గులు మూసేసిన మొదటి రోజే అతను ఆమె ఫోను తీగ పీకేశాడు. మొదటి రోజే ఆమె అతన్ని దులిపేసింది.

"ఏవండీ! పీకడానికి అదేమన్నా కలుపు మొక్కనుకున్నారా?"

"అది కంప్యూటరండీ. ఫోన్లు తగిలించుకునే చోటు కాదు."

"గోడ ప్లగ్గులన్నిటికీ టేపు అంటించారుగా. మరెక్కడ తగిలించుకోమంటారు, మీ నెత్తి మీదా?"

"నేను అంటించలేదు. సూపర్‌వైజరు గారు అంటించారు."

"ఆయన అంటిస్తుంటే టేపు కత్తిరించి అందించింది ఎవరు?"

అతను చేతిలోని కత్తెర వెనక్కి దాచుకున్నాడు. కత్తిరించి అందించింది అతనే.

పాత బడుల హాజరు పట్టీలను ఫోటోలుగా మార్చే ఆఫీసు అది. ముట్టుకుంటే రాలిపోయే పుస్తకాలు. ఎనిమిది బల్లలు, బల్లకొక కెమెరా, కెమెరాకొక కంప్యూటరు. తెల్ల గ్లౌజులు తొడుక్కుని ఒక్కో పేజీ తిప్పడం, ఫోటో కొట్టడం, మధ్యాహ్నం కెమెరాను కంప్యూటరుకు తగిలించడం, ఇదీ పని. తగిలించగానే కంప్యూటరు ఆనాటి ఫోటోలన్నీ మింగి, పేజీ నంబర్లు వేసి, ఆ రోజు కట్టలో చేర్చేస్తుంది. కిటికీ పక్క తొమ్మిదో బల్ల దగ్గర కూర్చుని ఆ పేజీలన్నీ చూసి, మసకబారినవీ వేలు అడ్డుపడినవీ పట్టుకునేవాడు అతను. అందరూ చెకర్ అనేవారు. ఒక్కో బల్లని ఒక్కో మిషను అనేవారు, ఆమెది మూడో మిషను.

గోడ మీద ఒక కాగితం ఉండేది: 'ఈ కరెంటు యంత్రాలకు మాత్రమే.' మనుషులు దేంతో నడవాలో ఆ కాగితంలో రాయలేదు.

"వినండి," అన్నాడు అతను, పోయిన పరువు కొంచెం కూడగట్టుకుని. "ఈ మిషన్లకి బుర్ర లేదు. ఫోటోలున్న ప్రతిదాన్నీ కెమెరా అనుకుంటాయి. తీగ పెట్టగానే మీ ఫోను ఒక ప్రశ్న అడుగుతుంది. చార్జింగ్ ఒక్కటేనా, ఫైళ్ళు కూడా ఇచ్చెయ్యనా అని. మీరేం నొక్కుతారు?"

"ఏది ముందుంటే అది. గ్లౌజు విప్పి, చదివి, ఆలోచించుకుని నొక్కే తీరిక ఎవరికుంది?"

"అదే వద్దంటున్నా. చార్జింగ్ ఒక్కటే అన్నది చూసి నొక్కండి. లేకపోతే ఇవాళ మీరు తీసిన ఫోటోలన్నీ లాక్కుని పేజీలు చేసేస్తుంది. పైగా ఈ కంప్యూటర్లో ఏ వైరస్ ఉందో, మీ ఫోన్లో ఏముందో! ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది."

"నా ఫోనుకి జబ్బేం లేదు. ముసలితనం, అంతే. పొద్దున నూరుంటుంది, మధ్యాహ్నానికి రెండు."

అక్కడితో పోట్లాట అయిపోలేదు, మొదలయింది. ప్రేమలో పడ్డవాళ్ళు పువ్వులు తెస్తారు, కబుర్లు తెస్తారు. ఇతను జాగ్రత్తలు తెచ్చాడు. సోమవారం వచ్చి, "తీగ కీబోర్డు పక్కన కాదు, కంప్యూటరు డబ్బా వెనక పెట్టండి, అక్కడ కరెంటు నిలకడగా వస్తుంది," అన్నాడు. మంగళవారం వచ్చి, "ఫోను డబ్బా మీద పడుకోబెట్టకండి, కింద వేడి, పైన కవరు, బ్యాటరీ ఉడికిపోతుంది," అన్నాడు. బుధవారం ఏకంగా కొత్త తీగ తెచ్చాడు.

"ఇందులో కరెంటు తీగలు రెండే ఉంటాయి. ఫోటోలు మోసే తీగలుండవు. మీరేం నొక్కినా భయం లేదు."

"నాకెందుకిస్తున్నారు?"

"సేఫ్టీ కోసం."

"సేఫ్టీ అట!" అని ఆ తీగ తీసుకెళ్ళి ఐదో మిషను అక్కకి ఇచ్చేసింది.

ఆమెకి ఫోను సరదా కాదు. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు, షుగరు మనిషి. ఒకసారి వేళకి తినక స్టీరింగు మీదే సొమ్మసిల్లాడు. అప్పట్నుంచి బండి ఆపిన ప్రతిచోటా ఫోన్ చేసి, "తిన్నాను తల్లీ, మాత్ర వేసుకున్నాను," అని చెప్పాలి. ఆ మాట వినపడితేనే ఆమెకి ముద్ద దిగేది. ఆ సంగతి ఆమె ఫోన్లో మాట్లాడుతుండగా విన్న రోజు నుంచి అతనికి ప్రేమ ఇంకాస్త ముదిరింది. ముదిరి ఏం చేశాడంటే, ఫోను వేడెక్కితే తీగ ఎన్ని నిమిషాలు తీసి ఉంచాలో చెప్పాడు.

అలాంటి ఒక గురువారం మూడున్నరకి అతను మూడో మిషను కట్ట చూస్తున్నాడు. రెండువందల పదకొండు, హాజరు పట్టీ. పన్నెండు, హాజరు పట్టీ. పదమూడు, అతని వీపు.

కళ్ళు నులుముకున్నాడు. పద్నాలుగులో అతని మెడ. పదిహేనులో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్న అతను. పదహారులో కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న అతను. పదిహేడులో అతని బల్ల, బల్ల మీద అతని ఫోను. మొత్తం తొమ్మిది పేజీలు, ఇరవై ఒకటి దాకా. అన్నిటికీ నంబర్లు శుభ్రంగా పడ్డాయి.

ఇంకెవరైనా అయితే ఆలోచించేవారు. ఇతను దువ్వెన తీశాడు. ఒక ఆడపిల్ల ఒకే రోజు తొమ్మిది ఫోటోలు తీసిందంటే ఏమిటర్థం? నిద్రపోతుంటే కూడా తీసిందంటే ఏమిటర్థం? అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. దిగకుండానే ఆమె దగ్గరికి వెళ్ళాడు. మంచినీళ్ళ కుళాయి దగ్గర గ్లాసు కడుగుతోంది.

"చూశాను," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏం చూశారు?"

"అన్నీ. తొమ్మిదీ."

గ్లాసు ఆమె చేతిలో ఆగిపోయింది.

"భయపడకండి. నాకేం కోపం లేదు. నిజం చెప్పాలంటే, నాకూ అలాగే ఉంది."

"మీకూ అలాగే ఉందా?" ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే మీరూ అర్జీ మీద సంతకం పెడతారా?"

"అర్జీ ఏంటి?"

"గోడ ప్లగ్గులు మాకూ ఇమ్మని. ఎనిమిది మందిమీ పెడుతున్నాం. రోజూ జాగ్రత్తలు చెప్పే చెకరే తన ఫోను కంప్యూటరుకి తగిలిస్తున్నాడు, ఇంక మాకేం దిక్కు అని సాక్ష్యంగా ఫోటోలు తీశాను. మీరు దేనికనుకున్నారు?"

"అంటే, పదిహేడో పేజీలో నా ఫోను..."

"తీగతో సహా పడింది."

"నేను చార్జింగ్ ఒక్కటే నొక్కుతానండీ!"

"మీరు నొక్కిన సంగతి ఫోటోలో పడదుగా. ముందు చెప్పండి, దేనికనుకున్నారు? చెవులెందుకు ఎర్రబడ్డాయి?"

"ఎండకి."

"నీడలో ఉన్నాం." అంటూనే ఆమె మొహం మారిపోయింది. "ఆగండి. పదిహేడో పేజీ అన్నారేంటి? పేజీలయ్యాయా?"

ఇందాక నాన్న ఫోన్ చేసే వేళకి బ్యాటరీ అయిపోతోందని కంగారుగా పాత తీగ పెట్టింది. ఫోను ఏదో అడిగింది, ఏదో నొక్కింది. అంతే.

కట్టలో బయటి పేజీ దొరికితే ఆ ఆఫీసులో ఒకటే శిక్ష. చెకర్ ఆ పేజీ తీసేసి, తీసివేతల పుస్తకంలో ఏ మిషనో, కారణమేమిటో రాయాలి. ఐదింటికి సూపర్‌వైజరు ఆ పుస్తకం చూస్తాడు, నెలాఖరుకి అది పైవాళ్ళ దగ్గరికి వెళ్తుంది. ఆ మిషను మనిషి మర్నాటి నుంచి కింద దుమ్ము గదిలో కూర్చుని పుస్తకాలు దులపాలి. దగ్గు సంగతి సరే, ఆ గది నేల కింద ఉంది. సిగ్నలు అందదు. నాన్న ఏ ఊరి బయటో బండి ఆపి ఫోన్ చేస్తే మోగదు.

ఆమె గోడకి ఆనుకుంది.

"నేను రాయకుండా తీసేస్తాను," అన్నాడు.

"కుదురుతుందా?"

"కుదురుతుంది. పోయిన నెల ఒకసారి..." అని నాలుక కరుచుకున్నాడు.

"పోయిన నెల ఎవరివి తీశారు?"

"వదిలెయ్యండి."

"ఎవరివి?"

"సూపర్‌వైజరు గారివి. ఆయనా కంప్యూటరుకే తగిలిస్తారు. ఆ పొద్దున తీసిన మనవరాలి పుట్టినరోజు ఫోటోలు, నలభై ఆరు పేజీలు."

ఆమెకి మళ్ళీ ఊపిరొచ్చింది. అది కోపంగా వచ్చింది. "బావుంది! ఆయనవి చేత్తో తుడిచేస్తారు. మావి పుస్తకంలో ఎక్కిస్తారు. పోయినేడాది ఎనిమిదో మిషనావిడ నాలుగు నెలలు ఆ దుమ్ములో దగ్గింది, ఆవిడ పేరు రాసిన చెయ్యి ఎవరిది?"

"నాదే."

"మరి నాకెందుకు మినహాయింపు?"

అతను కుళాయి వైపు చూశాడు. కుళాయి ఏమీ సాయం చెయ్యలేదు.

"నాకొక్కదానికి వద్దు," అందామె. "రేపు ఐదో నంబరు అక్కకి ఇలాగే జరిగితే? ఆవిణ్ణి ఎవరూ ప్రేమించట్లేదుగా!"

అతను ఉలిక్కిపడ్డాడు. "మీకు తెలుసా?"

"బ్యాటరీ ఉడికిపోతుందని రోజుకి మూడుసార్లు చెప్పేవాడికి బ్యాటరీ మీదే ప్రేమ అనుకునేంత అమాయకురాల్లా కనపడుతున్నానా? రాయండి. కానీ రాసేదేదో మొత్తం రాయండి."

అతను తన బల్ల దగ్గరికి వెళ్ళి పుస్తకం తెరిచాడు. నాలుగూ పది. కలం మూత తీశాడు, పెట్టాడు, తీశాడు. ఆరేళ్ళుగా ఇతరుల తప్పులు పట్టుకుని బతికినవాడు. సూపర్‌వైజరు 'ఊఁ' అంటే లేచి నిలబడేవాడు. 'మూడో మిషను, నిర్లక్ష్యం' అని మూడు మాటలు రాస్తే తన కుర్చీ పదిలం. ఏమీ రాయకపోతే ఆమె ఈ జన్మలో మొహం చూడదు. మొత్తం రాస్తే కుర్చీ ఎక్కడుంటుందో తెలీదు.

రాశాడు. 'పేజీలు 213 నుంచి 221. మూడో మిషను. కారణం: గోడ ప్లగ్గులకు టేపు వేసినందువల్ల అందరూ ఫోన్లు కంప్యూటరుకే పెడుతున్నారు. మిషను ఫోనునీ కెమెరా అనుకుంటుంది. ఈ సంగతి చెకరుకు రెండు నెలలుగా తెలుసు, ఆఫీసుకు చెప్పలేదు. చెకరు ఫోను కూడా పెడతాడు, సాక్ష్యం 217. పోయిన నెల సూపర్‌వైజరు గారి 46 పేజీలు చెకరు పుస్తకంలో రాయకుండా తీసేశాడు. అది చెకరు తప్పు.' కింద సంతకం పెట్టాడు. సంతకం తనదిలా రాలేదు. మళ్ళీ పెట్టాడు.

ఐదింటికి సూపర్‌వైజరు కళ్ళజోడు సర్దుకుని పుస్తకం చదివాడు. ఒకసారి చదివి తలుపు మూయించాడు. ఇంకోసారి చదివి మంచినీళ్ళు తాగాడు.

"ఏమయ్యా, ఆ నలభై ఆరింట్లో నేనున్నానా?"

"నాలుగింట్లో ఉన్నారు సార్. కాగితం టోపీ పెట్టుకుని."

"ఈ పేజీ చింపెయ్."

"పేజీలకి నంబర్లున్నాయి సార్. చింపితే ఎందుకు చింపామో రాయాలి. మీరు పెట్టిన రూలే."

తలుపు తోసుకుని మూడో మిషను లోపలికి వచ్చింది. చేతిలో అర్జీ.

"నన్ను దుమ్ము గదికి పంపితే పంపండి సార్. కానీ రూలు ప్రకారం ముగ్గురం వెళ్ళాలి. మీకు బ్రష్షు నేనిస్తాను."

సూపర్‌వైజరు పళ్ళు నూరాడు. నూరుతూనే, వాళ్ళిద్దరూ చూస్తుండగా, తన కంప్యూటరు పక్కన వేలాడుతున్న ఫోను తీగని మెల్లిగా ఊడదీసి జేబులో కుక్కుకున్నాడు.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఒక గోడకి టేపు తీసెయ్యండి."

"రెండు గోడలకి సార్."

"అమ్మాయ్!"

"అర్జీలో రెండని రాశాం. ఎనిమిది సంతకాలు."

"తొమ్మిది," అన్నాడు చెకర్. వంగి, అక్కడే సంతకం పెట్టాడు. ఈసారి సంతకం తనదిలాగే వచ్చింది.

సాయంత్రం ఆఫీసు వదిలేసరికి వాన పట్టుకుంది. బస్టాపు రేకు కింద ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. అతను వచ్చి సగం లోపల, సగం వానలో నిలబడ్డాడు.

"ఆ ఫోటోలు తీసేశారా?" అడిగింది.

"తీసేశాను."

"ఒక్కటి కూడా దాచుకోలేదా?"

"మీవి కదా. అడక్కుండా ఎలా దాచుకుంటాను?"

"మీ బొమ్మలేగా!"

"ఫోను మీది."

"ఫిర్యాదుకి నాలుగు తీశాను," అంది.

"తొమ్మిదున్నాయి."

"లెక్క నాకూ వచ్చు."

"మరి మిగతా ఐదు?"

"కిటికీ వెలుతురు బావుంది."

"నోరు తెరుచుకుని నిద్రపోతున్నవాడి మీద కూడానా?"

"అది ఫిర్యాదులోదే. మరీ ఎగరకండి."

అయినా ఎగరకుండా ఉండటం అతని వల్ల కాలేదు. చొక్కా భుజం మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఇందాక నాన్న ఫోన్ చేశాడు," అందామె. "నేనూ ఒక సంగతి చెప్పాను."

"ఏమని?"

"ఆఫీసులో ఒకడున్నాడు నాన్నా, ఒట్టి పిరికివాడనుకున్నాను, పూర్తిగా కాదు అని."

"ఆయనేమన్నారు?"

"పేరడిగాడు. పనడిగాడు. అందరి తప్పులూ పడతాడన్నాను. 'మరి నీవి పడితే?' అన్నాడు. 'ఇవాళ తనవి పట్టుకున్నాడు నాన్నా' అన్నాను. దానికి నవ్వాడు. 'మిగిలిన పిరికితనం నువ్వు వదిలిద్దువుగాన్లే తల్లీ, వచ్చే ఆదివారం తీసుకురా' అన్నాడు."

బెంచీ మీద ఆమె కొంచెం జరిగింది.

"తడుస్తూ నిలబడ్డారేం? దానిక్కూడా ఎవరైనా రూలు పెట్టారా?"

అతను వచ్చి కూర్చున్నాడు. బస్సొచ్చింది. తలుపు తెరుచుకుని కాసేపు ఆగింది. ఎవరూ ఎక్కకపోయేసరికి గట్టిగా ఒక హారను కొట్టి, వాళ్ళిద్దరి కాళ్ళ మీదా నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది.