భయంతో పోత పోసిన తూటా

అది అపవిత్ర దినాలలో కట్టకడపటి సాయంకాలం!

క్రీస్తు పుట్టిన పండుగకూ, పాదిరీ ఏటిలో శిలువ వేసి నీళ్ళను పునీతం చేసే పండుగకూ నడుమ ఉన్న ఆ రోజుల్లో భూతప్రేతపిశాచాలకు పగ్గాలుండవు. సూర్యుడింకా కొండ దిగకముందే గ్లుహోవో గ్రామాన్ని కారుమేఘాలు కమ్ముకున్నాయి. ఒకవైపు మంచు కురుస్తుండగానే ఫెళఫెళారావాలతో ఉరుము ఉరిమింది... మంచులో ఉరుము! మూతపడిన సీసపు గని మీది ఇనుప గోపురంపై గుడ్లగూబ ఒకటి పగలని కూడా చూడకుండా కూసింది. ఊళ్ళో ప్రతి గుమ్మానికీ వెల్లుల్లి దండలు వేలాడుతున్నాయి. వేలాడితే ఏం లాభం? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా!

ఆ వేళ ఏటి వంతెన నడుమ స్టమెన తన కూతురు నేదను రెండు చేతులా పట్టుకుని లాగుతోంది.

"రా తల్లీ... ఇంకొక్క అడుగు! అవతల బస్సుంది. అదెక్కితే చాలు, ఈ పాడు ఊరి మొహం మళ్ళీ చూడొద్దు. నా బంగారు కొండవి కదూ!"

నేదకు పదిహేడేళ్ళు. ఆమె కాళ్ళు వంతెన చెక్కలకు మేకులు కొట్టినట్టు బిగుసుకుపోయాయి. ముఖమంతా చెమట, కళ్ళల్లో నీళ్ళు. నోరు తెరిచింది... శబ్దం రాలేదు! ద్రాక్ష కోతల కాలంలో ఒకనాడు శ్మశానం దారిన పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడ్డ దగ్గర నుంచి ఆ పిల్ల నోట మాట లేదు. ఏం చూసి జడుసుకుందో ఎవరికీ తెలియదు.

బస్సు రెండుసార్లు హారను కొట్టి వెళ్ళిపోయింది. స్టమెన దాని వెనకే చూస్తూ నిలబడింది.

"ఎందుకే తల్లీ ఆ పిల్లను లాగి చంపుతావు? అది దాటలేదు. నేనూ దాటలేను" అంది వెనక నుంచి పొరుగింటి బీసెరా పిన్ని. చంకలో సంచీతో సహా ఆవిడ కూడా వంతెన మొదట్లోనే ఆగిపోయి ఉంది. "పండక్కి కూతురింటికి పోదామని బయల్దేరాను. ఇక్కడి దాకా బానే ఉంటుంది. ఇక్కడికి రాగానే కాళ్ళు నావి కావు! రొట్టెల మనోల్ కూడా నిన్న ఇక్కడ్నుంచే వెనక్కి తిరిగాడు. మగాడు, గుక్కపెట్టి ఏడ్చాడే!"

"మనోల్ కూడానా? అతనికీ నేనే కదా సీసం పోశాను..."

ఆ మాట తన నోటనే విని స్టమెన గుండె గుభేలుమంది.

ఆ ఊళ్ళో ఎవరు జడుసుకున్నా స్టమెన దగ్గరికే వస్తారు. జడుసుకున్న మనిషిని కూర్చోబెట్టి, నెత్తిన ఎర్రగుడ్డ కప్పి, గరిటెలో సీసం కరిగించి, తలపైన పట్టిన నీళ్ళగిన్నెలో పోస్తుందామె. సుయ్యిమంటుంది సీసం! మనిషిలోని భయమంతా అందులోకి దిగి, వంకరటింకర రూపం కట్టి గడ్డకడుతుంది. ఆ గడ్డను పారే నీళ్ళలో వెయ్యాలి. వేసేది రక్తసంబంధమున్న మగవాడో, లేకుంటే ఆ కుటుంబం నమ్మి ఒప్పజెప్పిన మగవాడో అయి ఉండాలి. వేసి వెనుదిరిగి చూడకూడదు. ఆడది వేస్తే భయం మళ్ళీ ఇంటికే వస్తుందని తరతరాల నమ్మకం. నేద తండ్రిని గని మింగేసింది. అందుకని పిల్ల సీసాన్ని స్టమెన తన బావగారి చేతిలో, అంటే మొగుడి అన్న రాడుల్ చేతిలో పెట్టింది.

"పిన్నీ, నీ సీసం ఏట్లో వేసిందెవరు?"

"నాకు మగదిక్కెవరున్నారే? మీ రాడుల్ బావే. మనోల్‌దీ ఆయనే వేశాడు. పాపం, ఎవరడిగినా కాదనడు." ఆ మాట అంటూనే బీసెరా పిన్ని నాలుక కరుచుకుంది. ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ సీసమేదీ ఏట్లో పడనేలేదని వాళ్ళకు తెలిసిపోయింది!

"ఏం మరదలా, ప్రయాణమా?"

వంతెనకు ఊరివైపు చివర రాడుల్ నిలబడి నవ్వుతున్నాడు. ఆజానుబాహువు, నెరిసిన మీసం, భుజాన తోడేలు చర్మం. నడుముకు సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. గని కాపలాదారుగా ఉన్నప్పటి నుంచీ అది ఆయనకు ఆరోప్రాణం. గని మూతపడ్డాక తూటాలు కొనే తాహతు లేక ఇంట్లోనే పోత పోసుకుంటున్నాడని, ఆదివారాలు ఖాళీ గాజుసీసాల మీద గురి చూసి కొడుతుంటాడని ఊరంతటికీ తెలుసు. ముసలాడి సరదా అని నవ్వుకునేవాళ్ళు.

"వంతెన కట్టింది దాటడానికేగా! దాటు మరదలా, నిన్నెవరాపారు? నీకెవరూ సీసం పొయ్యలేదు, నీ భయం నీ దగ్గరే ఉంది. పిల్లనొదిలి హాయిగా వెళ్ళు."

"నా పిల్లనేం చేశావు?"

"అడుగు మర్యాదగా. బావగార్ని." ఆయన వేళ్ళతో పిస్తోలు మీద మెల్లగా తట్టాడు. అంతవరకు కదలని నేద కాళ్ళు ఒక్కసారిగా కదిలాయి! వెనుదిరిగి, కళ్ళు తేలవేసి, ఆయన వెంట నడవసాగింది ఆ పిల్ల. "ఆ గరిటె కూడా తెచ్చుకో, పనుంది" అన్నాడు రాడుల్ వెనక్కి చూడకుండా.

స్టమెన ఒక్కతే వంతెన దాటగలదు. కానీ కన్నకడుపును వదిలి ఏ తల్లి దాటుతుంది? ఆ రాక్షసుడు వేసిన సంకెల అదే. ఆమె పిన్ని చేతిని ఒక్కసారి నొక్కి, తన మూటలోని గరిటెతో వాళ్ళ వెంట నడిచింది.

అది రాడుల్ ఇంటి నేలమాళిగ! పైకప్పు నుంచి గబ్బిలాలు, పొగచూరిన వెల్లుల్లి దండలు వేలాడుతున్నాయి. నడుమ ఇనప్పొయ్యి భుగభుగా మండుతోంది. దానిమీద మూకుడులో ద్రవీభూతమైన సీసం తళతళలాడుతోంది. పక్కన బల్లమీద తూటాల అచ్చు. ఆ అచ్చుకు కాపలాగా... ఒక పుర్రె! దాని నేత్రకుహరాలలో నల్లమైనపు వత్తులు వెలుగుతున్నాయి. ఆ వెలుగులో నేద గోడకానుకుని కొయ్యబొమ్మలా నిలబడింది. రాడుల్ తలుపు గడియ పెట్టి, తాళం వేసి, తాళపుచెవి జేబులో వేసుకున్నాడు.

"కూర్చో. రకియా తాగుతావా? చలికి మంచిది. వద్దా? నీ ఇష్టం."

ఆయన తీరిగ్గా గరిటెతో మూకుడు మీది తెట్టు తీశాడు. ఆ చేతుల్లో ఎంత నేర్పో! చుక్క తొణకలేదు. అచ్చును మంట మీద వెచ్చబెట్టి, పక్కన పెట్టి, గర్వంగా చెప్పుకొచ్చాడు.

"సీసానిదేముందే, ఎవడైనా పోస్తాడు. పాత బ్యాటరీలు కరిగించి నేనే ఎన్ని పొయ్యలేదూ! కానీ ఒకనాడు నువ్వు పోసిన సీసం ఏట్లో వెయ్యబోతే చేతిలో కొట్టుకుంది మరదలా... గుండెకాయలా! అప్పుడర్థమైంది, దీన్ని నీళ్ళపాలు చెయ్యడం ఎంత తెలివితక్కువో. తూటాగా పోసి పిస్తోల్లో పెట్టుకున్నా. ఆ సీసం ఎవరిదో ఆ మనిషి నేను కూర్చోమంటే కూర్చున్నాడు! ఈ పుర్రె తోడు... ఒకప్పుడు ఉరితీసిన బందిపోటుదిలే, శ్మశానంలో తవ్వుకొచ్చా... దీని తోడు దొరికాక నాకిక ఎదురు లేదు."

స్టమెన నేద వైపు చూసింది. శ్మశానం దారి! ద్రాక్ష కోతల కాలం!

"చూసింది నిన్నేనా? నా బిడ్డ జడుసుకున్నది నిన్ను చూసేనా?"

"ఊరికే చూస్తే పోయేది. అరవబోయింది. ఈ తోడేలు తోలు కప్పుకుని మీద పడ్డాను, అంతే, నోరు మూతపడింది." రాడుల్ కడుపుబ్బ నవ్వాడు. "ఆ పిల్ల ఒక్కతేననుకున్నావా? మనోల్ అడవిలో చూసిన తోడేలెవరు? బీసెరా కిటికీ కొట్టిందెవరు? భయాలు వాటంతటవే పుడతాయా పిచ్చిమొహమా! నేను పుట్టించాను, నువ్వు సీసంలో పట్టావు, నేను దాచాను. మనిద్దరం కలిసి చేసిన వ్యాపారమిది!"

ఉరుము ఉరిమింది... నేలమాళిగ దద్దరిల్లింది! స్టమెన తన అరచేతులకేసి చూసుకుంది. తన చేతులతో తానే, నమ్మి, పిల్ల ప్రాణాన్ని ఈ రాక్షసుడి చేతిలో పెట్టింది.

"రేపు ఏట్లో శిలువ పడితే నీళ్ళు పునీతమవుతాయి. నా కట్టు తెగిపోతుంది. అందుకే తూటాలన్నీ మళ్ళీ కరిగించా. మనోల్, బీసెరా, నీ కూతురు... ఊరు ఊరంతా ఈ మూకుట్లో ఉంది. పొయ్యడం నా పని. కానీ భయం మాట వినేది సీసం పోసేదాని నోటికే. ఎప్పుడూ 'పో' అంటావుగా? ఇవాళ 'ఉండిపో' అను. ఒక్కమాట! ఆ మాట పడిందా, శిలువలూ గిలువలూ నన్నేం చెయ్యలేవు. కలకాలం నా గుప్పిట్లోనే!"

"అనను."

రాడుల్ పిస్తోలు తీశాడు. "ఇందులో ఉన్నవి మామూలు తూటాలే. మంత్రం లేదు, మాయ లేదు." గొట్టాన్ని నేద కణతకు ఆనించాడు. "ఈ దగ్గరలో గురి తప్పుతానంటావా?"

అంటే ఒకటి, అనకుంటే ఒకటి! 'ఉండిపో' అంటే పిల్ల బతికినంతకాలం వాడి కీలుబొమ్మ. అనకపోతే ఇప్పుడే శవం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేద కళ్ళ నుంచి నీళ్ళు జలజలా కారుతున్నాయి, కానీ రెప్ప కూడా ఆడడం లేదు. స్టమెన ఆ కళ్ళలోకి చూసింది. ఏడ్చే ఓపిక కూడా ఆమెలో అయిపోయింది. ఆ స్థానంలో కోపం పుట్టింది, కడుపులో నుంచి, కట్టెలు విరిగినట్టు ఫెటఫెటలాడుతూ.

"నీళ్ళగిన్నె ఇలా పెట్టు" అంది.

"అద్దీ! పుట్టింటి పంతం వదిలిందన్నమాట." ఆయన కాలితో గిన్నెను పొయ్యి పక్కకు తోశాడు. పిస్తోలు మాత్రం దించలేదు.

స్టమెన మూకుడులో గరిటె ముంచింది. నీళ్ళమీదికి గరిటె చాచి, తరతరాలుగా అత్తలు కోడళ్ళకు చెవిలో చెప్పిన మంత్రం అందుకుంది. "భయమా, భయమా... ఎముకలో ఉన్నదానివి, నెత్తుట్లో ఉన్నదానివి, వినుకో..." ఆ తర్వాత రావలసిన మాట, కోడి కూయని, కుక్క మొరగని అడవికి పొమ్మని. సీసం పోసే ఏ ఆడదైనా భయాన్ని అక్కడికే పంపుతుంది, ఎవరికీ చెడు జరగకూడదని. రాడుల్ చెవులు రిక్కించి, ఆ మాట వస్తే ట్రిగ్గరు నొక్కడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆమె అడవి అనలేదు. ఉండిపో అనీ అనలేదు!

"...నిన్ను పుట్టించినవాడెవడో వాడి దగ్గరికే పో!"

గరిటె ఒంపింది.

సుయ్య్‌య్‌య్! తెల్లటి ఆవిరి పైకి లేచింది. పుర్రె కళ్ళలో దీపాలు రెండూ ఠపీమని ఆరిపోయాయి! మూకుడులోని సీసమంతా ఒక్కసారి నిట్టూర్చింది... అందులో మనోల్ ఏడుపుంది, బీసెరా కేక ఉంది, ఊరి ఆడామగా మూలుగులన్నీ ఉన్నాయి. ఆ మూలుగులు గాలిలో సుడి తిరిగి, వెతుక్కుని, తమను కన్నవాడిని గుర్తుపట్టాయి!

"ఏయ్... ఏమన్నావే? ఏమన్నావ్! వద్దు... ఆపు... ఆపవే!"

రాడుల్ పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. పిస్తోలు నేద కణత మీంచి జారి గాలిలో అల్లల్లాడింది. ఊరందరికీ తాను పెట్టిన భయమంతా కట్టగట్టుకుని తన ఒక్కడిలో దూరింది. ఆయన వెనక్కి జరుగుతూ జరుగుతూ కిందికి చూశాడు. నీళ్ళగిన్నెలో ఒక రూపం కనిపించింది. తోడేలు తోలు, నిప్పుకణికల్లాంటి కళ్ళు! అది తన నీడేనని తెలుసుకునే తెలివి కూడా ఆయనకు మిగల్లేదు.

"తోడేలు! తోడేలే! పట్టండ్రా... కాపాడండ్రోయ్!"

ఆయన రెండు చేతులా పిస్తోలు ఎత్తి గిన్నెకు గురిపెట్టాడు. పొయ్యికి అడుగు దూరంలో, కరిగిన సీసం పక్కనే ఉన్న నీళ్ళగిన్నెకు! స్టమెన ఆవిరిలో కళ్ళు కనబడక అక్కడే వంగి ఉంది.

"అమ్మా! జరుగు!!"

నెలల తరబడి మూతపడిన గొంతు అది. గోడ పక్క నుంచి నేద ఉరికి వచ్చి తల్లిని జబ్బ పట్టి బల్ల వెనక్కి లాగేసింది. మరుక్షణం పిస్తోలు పేలింది. గిన్నె బద్దలై నీళ్ళు ఎగజిమ్మి సలసల కాగే మూకుడులో పడ్డాయి...

ఢాం! పిడుగు నేలమాళిగలోనే పడిందా అన్నట్టు సీసం విస్ఫోటించి పైకి లేచింది! బల్ల మీద, గోడల మీద వెండివానలా కురిసింది. ఒక్క ఆర్తనాదం... ఒక్కటే. అది కూడా సగంలోనే తెగిపోయింది.

పొగ విడిపోయాక చూస్తే రాడుల్ పొయ్యి పక్కన పడి ఉన్నాడు. ముఖమంతా సీసం పోత పోసుకుని గడ్డకట్టింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. పుర్రె ఆయన పక్కన ముక్కలు ముక్కలై ఉంది.

బయట ఎవరో గొడ్డలితో తలుపు బద్దలు కొడుతున్నారు. "స్టమెనా! నా కాళ్ళు నాకొచ్చేశాయే! మనోల్‌ని తీసుకొచ్చా, తలుపు విరగ్గొడుతున్నాడు!" అని బీసెరా పిన్ని అరుస్తోంది.

స్టమెన లేవలేదు. కూతురిని ఒళ్ళోకి లాక్కుని, ఆ పిల్ల బుగ్గలు, పెదవులు, గొంతు తడుముతూ కూర్చుంది. "మాట్లాడు తల్లీ... ఇంకా మాట్లాడు. ఏదో ఒకటి చెప్పు, వింటాను."

నేద తల్లి గుండెల మీద తల ఆనించింది. గొంతు గరగరలాడుతోంది, కానీ మాటలు స్పష్టంగా వచ్చాయి.

"ఆ రోజు నా సీసం ఆయన చేతిలో పెట్టావు చూడూ... అప్పుడు కూడా అరిచానమ్మా. వద్దమ్మా, ఆయనకివ్వద్దమ్మా అని ఎంత అరిచానో. నువ్వు నా తల నిమిరి, భయపడకే, పెదనాన్నేగా అన్నావు."