ఎడమ పక్క మానిటరు

ఆదివారం ఉదయం. కొవ్వూరు మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టున్న నాగేశ్వరప్రసాద్ గారింట్లో ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. తినాల్సిన తండ్రీ కొడుకులిద్దరూ హాల్లో టేకు బల్ల కింద దూరి వైర్లు కలుపుతున్నారు.

"ఏవండీ, వస్తారా? లేక ఆ బల్ల కిందకే పళ్ళెం తొయ్యమంటారా?" అని వంటింట్లోంచి కేకేసింది ఆయన భార్య అమ్మణ్ణి.

"వచ్చేస్తున్నామమ్మా, ఈ ఒక్క వైరూ అయిపోనీ" అన్నాడు కొడుకు మహేంద్ర.

ప్రసాద్ గారికి విమానమంటే పిచ్చి. ఎప్పుడూ ఎక్కింది లేదు గానీ, చిన్నప్పుడు గోదావరి గట్టున నిలబడి, మధురపూడి ఎయిర్‌పోర్టులో దిగబోయే విమానాల్ని మెడ నొప్పెట్టేదాకా చూసేవారు. మహేంద్ర రాజమండ్రిలో కంప్యూటర్లు అమ్మే షాపులో పనిచేస్తాడు. క్రితం ఏడాది ఇంట్లో కంప్యూటర్లో విమానం నడిపే గేమ్ ఎక్కించి, ఓ జాయ్‌స్టిక్కు తెచ్చిపెట్టాడు. ఇంకేముంది, రోజూ స్నానం, పూజ కాగానే ఆయన మధురపూడిలో విమానం లేపాల్సిందే. తెర మీద గోదావరి ఒట్టి నీలం చార. "ఇంత చేసినవాడు మన బ్రిడ్జీలు వెయ్యలేకపోయాడేంట్రా?" అని రోజూ విసుక్కునేవారు. ఎగరడం వచ్చింది గానీ దిగడం మాత్రం రాలేదు. చుట్టూ తిరిగి వచ్చేసరికి రన్‌వే ఎక్కడుందో తెలియక ఏ వరిచేలోనో కూలబడేవారు.

"ఒక్క తెర ఉంటే పక్కన ఏముందో ఎలా తెలుస్తుంది నాన్నగారూ? అసలు పైలట్లకి పక్కల కూడా అద్దాలుంటాయి" అని మహేంద్ర, మూతపడిన ఓ నెట్ సెంటర్ నుంచి ఇంకో రెండు పాత మానిటర్లు తెచ్చాడు.

మూడూ బరువైన డబ్బా మానిటర్లే. బల్ల కుంగితే కింద పీట ఆసరా పెట్టారు. పక్కవాటిని మధ్యదానికి ఆనిస్తే బొమ్మ వణికిపోయింది. జానెడు దూరం జరిపితే నిలబడింది. ఎడమదానికి కాస్త పసుపు రంగు ఎక్కువ.

"నలుగు పెట్టుకొచ్చినట్టుంది. దీనికి పెళ్ళెప్పుడట?" అంది అమ్మణ్ణి, ఇడ్లీ పళ్ళెం పట్టుకొచ్చి.

పైకి నవ్వింది గానీ ఆమె మనసు మనసులో లేదు. కొడుకు ఈ ముచ్చటంతా ఎందుకు చేస్తున్నాడో ఆమెకి తెలుసు. వచ్చే వారం వాడు పెళ్ళాన్ని తీసుకుని రాజమండ్రిలో దానవాయిపేటలో అద్దె ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఆ మాట తండ్రికి చెప్పే ధైర్యం లేక, ముందుగా ఆయన ముచ్చట తీరుస్తున్నాడు.

కోడలు సాయిప్రసన్నని మహేంద్ర ఇష్టపడి చేసుకున్నాడు. ప్రసాద్ గారు మొదట వద్దన్నా, తరవాత దగ్గరుండి పెళ్ళి జరిపించారు. అయినా ఆయనకి తనంటే గిట్టదనే ప్రసన్న అనుకుంది. ఆ ఇంట్లో కోడళ్ళు మామగారి ఎదుట నిలబడే ఆనవాయితీ లేదు. పక్కనుంచి వచ్చి, కాఫీ బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోవాలి. అమ్మణ్ణి తన అత్తగారి దగ్గర నేర్చుకున్నదే కోడలికీ నేర్పింది. మొదట్లో ప్రసన్న "కాఫీ అండీ" అనేది. ఆయన "ఊ" అనేవారే తప్ప తల తిప్పేవారు కాదు. కొన్నాళ్ళకి ఆ మాట అనడం కూడా మానేసింది. ఆ మధ్య బజార్లో తల్లితో వెళ్తూ ప్రసన్న ఆయన పక్కకి వచ్చి నవ్వుతూ నిలబడితే, పలకరించకుండానే నడిచి వెళ్ళిపోయారు. తల్లి ముందు ఆ పిల్లకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజే ఇల్లు వెతకమని మొగుడితో చెప్పింది.

టిఫిన్లయ్యాయి. ప్రసాద్ గారు కుర్చీలో కూర్చుని విమానం లేపారు. మూడు తెరల మీదా ఆకాశం పరుచుకుంది. ఓ చుట్టు తిరిగారు.

"రన్‌వే ఏదిరా?"

"ఎడమ పక్కన నాన్నగారూ! కనిపిస్తోంది కదా!"

ఆయన తల తిప్పేలోపే విమానం కూలింది. మళ్ళీ లేపారు. మళ్ళీ కూలింది. ప్రసాద్ గారికి చిరాకేసింది.

"తీసెయ్‌రా ఈ పక్కవి. దండగ. నాకు మధ్యది చాలు."

మహేంద్రకి చర్రున కోపం వచ్చింది. ఎన్నాళ్ళుగానో కడుపులో ఉన్నదంతా బయటికి తన్నుకొచ్చింది.

"మీ పక్కన ఏదున్నా మీకు దండగే. మానిటరైనా అంతే, మనిషైనా అంతే!"

"ఏంట్రా ఆ మాట?"

"మీ కోడలు రోజూ మీ పక్కకొచ్చి నిలబడుతోంది. ఒక్కసారైనా పలకరించారా? బజార్లో వాళ్ళమ్మ ముందు ఎవరో పరాయిదాన్లా వదిలేసి వెళ్ళారు. ఇంక మావల్ల కాదు నాన్నగారూ. దానవాయిపేటలో ఇల్లు చూసుకున్నాం."

ప్రసాద్ గారి మొహం పాలిపోయింది.

"వెళ్ళిపోతారా?" అన్నారు మెల్లగా. "నేను ఆ పిల్లని ఏమన్నాన్రా? బజార్లో నాకు ఎవరూ కనబడలేదు, నీ మీద ఒట్టు. ఉండు, అమ్మాయిని పిలు. నేనే అడుగుతాను. లోపలుందా?"

మహేంద్ర, అమ్మణ్ణి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సాయిప్రసన్న ఆయన ఎడమ భుజం పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. మహేంద్ర గొంతు పెంచకముందు నుంచీ అక్కడే ఉంది.

"ఏంటలా బిగుసుకుపోయారు? పిలవండి" అన్నారాయన.

ప్రసన్న మామగారి మొహంలోకి చూసింది. అందులో నటన లేదు. ఆమె మెల్లగా అడుగులు వేసి ఆయన ఎదురుగా వచ్చింది.

"అరె, ఎప్పుడొచ్చావమ్మా?" అన్నారాయన, ఉలిక్కిపడి.

"ఇందాకే వచ్చానండి మావయ్యగారూ" అంది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

మహేంద్ర తండ్రి వెనక్కి వెళ్ళాడు. "నాన్నగారూ, ఎదురుగానే చూస్తూ ఉండండి. నా చెయ్యి కనబడగానే చెప్పండి" అని, చెవి పక్కనుంచి చెయ్యి కొద్దికొద్దిగా ముందుకి తెచ్చాడు. దాదాపు ముక్కు దగ్గరికి వచ్చాక గానీ ఆయన "ఆ, ఇప్పుడు" అనలేదు. రెండో పక్క కూడా అంతే. అమ్మణ్ణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మర్నాడు రాజమండ్రిలో కళ్ళ డాక్టరు పరీక్షలన్నీ చేసి, నీటికాసులు, అదే గ్లాకోమా అన్నారు. నొప్పీ బాధా లేకుండా రెండు పక్కలనుంచీ చూపు తగ్గుతూ వస్తుందని, మనిషికి ఆ సంగతే తెలియదని చెప్పారు.

"పోయింది తిరిగి రాదండి. ఉన్నది కాపాడుకోవచ్చు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే అదీ దక్కేది కాదు. ఎలా కనిపెట్టారు?"

మహేంద్ర విమానం సంగతంతా చెప్పాడు. డాక్టరు నవ్వి, "అయితే ఆ మానిటర్లకి దండం పెట్టుకోండి" అన్నారు. ఆయన మాటవరసకే అన్నారు గానీ, అమ్మణ్ణి శుక్రవారం నాడు మూడింటికీ బొట్టు పెట్టి హారతిచ్చింది.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ప్రసాద్ గారు కోడలి వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నారు.

"ఇన్నాళ్ళూ నా పక్కన అలా నిలబడ్డావా తల్లీ? పెళ్ళి వద్దన్నానని కోపంతో నువ్వే నాతో మాట్లాడవనుకున్నాను. నేనైనా పిలిచి అడగలేకపోయాను."

"నాదే తప్పండి. ఎదురుగా వచ్చి ఒక్కమాట అడగాల్సింది" అంది ప్రసన్న, కన్నీళ్ళు తుడుచుకుంటూ.

"ఎదురుగా వెళ్ళొద్దని నేర్పింది నేనే కదే" అని అమ్మణ్ణి ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది. మహేంద్ర అక్కణ్ణుంచే ఫోన్ చేసి, దానవాయిపేట ఇల్లు వద్దని చెప్పేశాడు.

కంట్లో చుక్కలు వేసే పని ప్రసన్న తీసుకుంది. డాక్టరు ఇక బండి నడపొద్దనడంతో, "కొట్టుకి నేను దింపుతానండి మావయ్యగారూ" అని తన స్కూటీ బయటికి తీసింది. కోడలి వెనక మామగారు కూర్చుని మెయిన్ రోడ్డు మీద వెళ్తుంటే కొవ్వూరు ఊరుకుంటుందా? బట్టల కొట్టు చంద్రరావు మెట్లు దిగి మరీ వచ్చాడు.

"ఏంటండోయ్ ప్రసాద్ గారూ, డ్రైవర్ని పెట్టుకున్నారా?"

"డ్రైవరు కాదయ్యా, పైలట్టు! మా కోడలు!" అన్నారాయన, రోడ్డంతా వినబడేలా.

కొట్టు ముందు దిగారు. ప్రసన్న బండి తిప్పబోతుంటే, "ఆగమ్మా" అంటూ ఆయన హ్యాండిల్ పట్టుకుని, చుట్టూ తిరిగి, ముందు చక్రం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏంటండీ మావయ్యగారూ? ఏమన్నా మర్చిపోయారా?"

"ఏం లేదు తల్లీ. ఇలా ఎదురుగా వస్తే నిండుగా కనిపిస్తావని" అన్నారు.