రన్‌వే మీద అయిదో ప్యాచ్

శాంపిల్ డబ్బా మీద ఉన్నది తన సంతకమే. కానీ అది తాను పెట్టిన సంతకం కాదు.

ఇంజనీర్ ముటలెమ్వా ల్యాబ్ తలుపు గడియ పెట్టి, డబ్బా మూత కింద కత్తి దోపి పైకి లేపాడు. లోపల తారు లేదు. నూనె కాగితంలో చుట్టిన చీటీ ఒకటి ఉంది. బుకోబా రేవు, పొద్దున పది గంటలు, చేపల తూకం దగ్గర.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో వచ్చిన మొదటి ఉత్తర్వు అది. కాలేజీ వదిలిన ఏడాదే అతన్ని గూఢచారి శాఖలో చేర్చుకుని, కవర్‌గా ఉంటుందని రోడ్లు వేసే కంపెనీలో మెటీరియల్స్ ఇంజనీరు ఉద్యోగంలోకి పంపారు. అతను సముద్ర తీరం నుంచి సరస్సు ఒడ్డు దాకా రోడ్లు వేశాడు. తారు ఎక్కడ మరిగింది, కంకర ఎక్కడ నలిగింది, ఏ రోడ్డు ఏ వానకు లేచిపోయింది అన్నీ చెప్పగలడు. ప్రతి నెలా మొదటి సోమవారం రహస్యంగా ఒక రిపోర్టు పంపేవాడు. ఒక్కదానికీ ఎవరూ జవాబు ఇచ్చిన పాపాన పోలేదు. ఈమధ్య తాను గూఢచారినన్న సంగతే అతనికి సగం మరుపున పడింది.

రేవులో గడ్డి టోపీ పెట్టుకున్న లావుపాటి ముసలాయన చేపలు బేరమాడుతున్నాడు.

"ఈ ఎండకు తారు కరుగుతుందా?" అని అడిగాడు, తలెత్తకుండానే.

"మంచి తారైతే ముందు మనిషి కరుగుతాడు" అన్నాడు ముటలెమ్వా. ఇరవై ఆరేళ్ళ నాటి కోడ్ వర్డ్. నోరు తిరిగినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

ఆ ముసలాయనే శాఖ పెద్ద. కిబోకో, అంటే నీటి ఏనుగు, అని మారుపేరు. మనిషిని చూస్తే పేరు ఎందుకు వచ్చిందో అడగనక్కరలేదు. పడవ చాటున కూర్చుని, ఉడికించి ఎండబెట్టిన కాఫీ కాయలు తాను నోట్లో వేసుకుంటూ, ముటలెమ్వాకూ ఒకటి ఇచ్చి, ఆయన క్లుప్తంగా విషయం చెప్పాడు. పొరుగు దేశంలో తొమ్మిదేళ్ళుగా కొట్టుకుంటున్న రెండు పక్షాలూ సంధికి ఒప్పుకున్నాయి. రెండు పక్షాల వాళ్ళూ ఒకే విమానంలో శనివారం పదకొండు నలభైకి ఈ ఊళ్ళో దిగుతారు. ముటలెమ్వా కొత్తగా తారు పరిచిన రన్‌వే మీదే. ఆ యుద్ధానికి తుపాకులు అమ్ముకునే విదేశీ ముఠా ఒకటి ఆ విమానాన్ని నేల తాకగానే పేల్చాలని చూస్తోంది. పేలితే నెపం ఒకరి మీద ఒకరు వేసుకుంటారు, మళ్ళీ యుద్ధం మొదలవుతుంది.

"ముఠాకు నీ పనివాళ్ళలో మనిషి ఉన్నాడు. ఇలోనా కనిపెట్టింది."

"ఏ ఇలోనా?"

"మీ తారు కన్సల్టెంటే. ముఠాలో ఉంటూ మనకు పని చేస్తోంది. నీ ఫోర్‌మన్ బ్యాబాటో పేరు చెప్పింది."

ముటలెమ్వా నోట్లో కాఫీ కాయ ఒక్కసారిగా చేదెక్కింది. బ్యాబాటోతో అతనిది ఇరవై ఏళ్ళ సావాసం. ఇప్పటికీ తనను బ్వానా, అంటే అయ్యా, అనే పిలుస్తాడు. పొరపాటు పడి ఉంటారని అన్నాడు. కిబోకో ఆ మాట చెవిన వేసుకోలేదు. బ్యాబాటోను కనిపెట్టి ఉండమన్నాడు. అనుమానం రూఢి అయితే అతని పక్కన నిలబడి హెల్మెట్ తీస్తే చాలు. చుట్టూ మాటు వేసిన సైనికులు ఆ పక్కనున్న మనిషిని ఎత్తుకుపోతారు.

ఆ రోజు నుంచీ ముటలెమ్వాకు అన్నం సయించలేదు. బ్యాబాటోను దొంగచూపులు చూడడం మొదలుపెట్టాడు. చూసేకొద్దీ మనిషి కొత్తగా కనపడ్డాడు. తారు ట్యాంకర్ వచ్చినప్పుడు ఎప్పటిలాగే శనగగింజంత తారు తీసి, చల్లార్చి, పళ్ళ మధ్య నమిలి "అరవై ఐదు" అని ఉమ్మేశాడు. ల్యాబ్‌లో తారు మెత్తదనం తెలియడానికి సూది దించి కొలిస్తే అరవై ఆరు వచ్చింది. అదంతా మామూలే. కానీ ముటలెమ్వా తలెత్తితే బ్యాబాటో తల దించుకుంటున్నాడు. దగ్గరికి వెళితే మాట మారుస్తున్నాడు. శుక్రవారం తెల్లవారుతూనే రన్‌వే మీద మోకాళ్ళేసి ఏదో తవ్వుతూ ఉన్నాడు. తరువాత గోనెపట్టాలో ఏదో చుట్టి చంకన పెట్టుకుపోయాడు. ముటలెమ్వా తన బైనాక్యులర్స్‌తో అదంతా చూశాడు.

"కనిపెట్టే ఉన్నారుగా, ఇంజనీర్" అంది వెనక నుంచి, బ్యాబాటో వెళ్ళిపోయాక వచ్చిన ఇలోనా బెర్క్. ఆమె తెల్ల ప్యాంటు మీద ఒక్క తారు మరక లేదు. తారు పనిలో పదేళ్ళున్న మనిషికి అది ఎలా సాధ్యమో అతనికి అర్థం కాలేదు. కానీ ఆమె నవ్వితే రోలర్ డ్రైవర్లు బ్రేకు మరిచిపోయేవాళ్ళు.

అప్పుడే చివరి లారీ మిక్స్, అంటే తారు కలిపిన వేడి కంకర, దించబోతోంది. ఆమె నడుముకున్న వెండిరంగు థర్మామీటర్ తీసి దూరం నుంచే గురిపెట్టింది. దూరాన్నుంచి వేడి చెప్పే తుపాకీ లాంటి సాధనం అది.

"నూట నలభై ఐదు డిగ్రీలు. పర్‌ఫెక్ట్" అంది.

ముటలెమ్వా లారీ వైపు చూశాడు. మిక్స్ మీద నీలం పొగ లేస్తోంది. తారు మాడితే తప్ప నీలం పొగ రాదు. అది నూట ఎనభై దాటింది. అతను ఆ లారీని వెనక్కి పంపించి, ఆ థర్మామీటర్ సంగతి మనసులో పెట్టుకున్నాడు.

శనివారం పదకొండుంబావుకు ఇలోనా అతని చెవి దగ్గర చెప్పింది. బ్యాబాటో ముటలెమ్వా పికప్‌లోనే ఒంటరిగా ఉన్నాడట. వెంటనే వెళ్ళి హెల్మెట్ తీసెయ్యమంది. సైనికులంతా అటు వెళితే తనకు మిగతా ముఠాను పట్టుకునే వీలు దొరుకుతుందని కూడా అంది.

వెళుతూ వెళుతూ అలవాటు కొద్దీ అతను రన్‌వే మీద ప్యాచ్‌లు లెక్కపెట్టాడు. తారు పరిచాక మందం చూడడానికి గుండ్రంగా కోసి ముక్క తీస్తారు. దాన్ని కోర్ అంటారు. ఆ గుంతను మళ్ళీ వేడి మిక్స్‌తో పూడుస్తారు. ల్యాబ్ అలమరలో నాలుగు కోర్లు ఉన్నాయి. రన్‌వే మీద అయిదు ప్యాచ్‌లు ఉన్నాయి.

కూర్చుని వేలితో తడిమాడు. అయిదో ప్యాచ్ అంచు చుట్టూ సన్నటి తారు గీత, పైన అరచేతి మొదలుతో ఒత్తిన నునుపు. ఇరవై ఏళ్ళుగా ఎరిగిన పనితనం. బ్యాబాటో తప్ప ఆ దేశంలో ఇంకెవరూ అలా పూడ్చరు.

అయితే నిజమేనన్నమాట. అతనికి కోపం రాలేదు, ఏడుపు వచ్చింది.

పికప్ ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. పక్క సీట్లో బ్యాబాటో అరటికాయ కూర తింటున్నాడు. సరస్సు మీద విమానం చుక్కలా కనిపించింది. ముటలెమ్వా చెయ్యి హెల్మెట్ పట్టీ మీదికి వెళ్ళింది.

"ఆ అయిదో గుంత ఎందుకు తవ్వావు బ్యాబాటో?"

"నేనా? తవ్వింది మీరు కాదా బ్వానా?"

పట్టీ మీద చెయ్యి ఆగిపోయింది. బ్యాబాటో గిన్నె పక్కన పెట్టి, మొదటిసారి సూటిగా చూశాడు. నిన్న పొద్దున ఆ ప్యాచ్ కాలికి మెత్తగా తగిలిందట. కాస్త గిల్లి నమిలితే కిరసనాయిలు రుచి. ఆ మేడమ్ శాంపిల్‌గా తెచ్చిన, వేడి చెయ్యకుండానే వాడే బస్తాల చల్లమిక్స్ అది. అలాంటి చెత్త తన రన్‌వే మీద ఉంచలేక పెకలించేశాడట. అడుగున ఇనప గొట్టం, దానికో తీగ ఉన్నాయి. గొట్టం తీసేసి, గుంతను మంచి మిక్స్‌తో పూడ్చాడు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీ సామాననుకున్నాను. ప్రతి నెలా మొదటి సోమవారం చాటుగా ఉత్తరాలు రాస్తారు కదా. ఇరవై ఏళ్ళుగా మీ మీద అనుమానమే. ఎవరి గూఢచారో తెలీదు. పట్టిస్తే ఉరి తీస్తారేమో, ఇలాంటి ఇంజనీరు మళ్ళీ దొరకడని ఊరుకున్నాను. మొహం చూసి మాట్లాడలేకపోయాను."

ముటలెమ్వాకు సిగ్గుతో తల దిమ్మెక్కింది. పట్టీ ఇంకో అంగుళం లాగి ఉంటే ఈ మనిషిని చేజేతులా ఉరికంబం ఎక్కించి ఉండేవాడు.

"గొట్టం ఎక్కడ పెట్టావు?"

"మీ సామాను మీకే చేరాలని మీ సీటు కిందే పెట్టాను."

విమానం చక్రాలు దించింది. అల్లంత దూరంలో రన్‌వే అంచున ఇలోనా నిలబడి థర్మామీటర్ పైకెత్తుతోంది. నూట ఎనభైని నూట నలభై ఐదు అని చెప్పిన ఆ యంత్రం వేడి కొలిచేది కాదని, గొట్టాన్ని దూరం నుంచి పేల్చేదని ముటలెమ్వాకు అప్పుడు అర్థమైంది.

దిగి పారిపోవడానికి గానీ గొట్టం విసరడానికి గానీ టైము లేదు. అతను పికప్ గేరు మార్చి, సూటిగా ఆమె మీదికే తోలాడు. ఆమె మోకాలికి జానెడు దూరంలో బండి ఆగింది. గోనెపట్టా లాగి, గొట్టాన్ని కిటికీ అంచున పెట్టాడు.

"టెంపరేచర్ ఎంత, మిస్ ఇలోనా?"

ఆమె గొట్టాన్ని చూసింది. మీట మీద వేలు గడ్డకట్టుకుపోయింది.

"నొక్కండి. ముగ్గురం కలిసే పోదాం" అన్నాడు ముటలెమ్వా.

ఆమె వెనక విమానం నేల తాకింది. కుడి చక్రం సరిగ్గా అయిదో ప్యాచ్ మీదుగా వెళ్ళింది. బ్యాబాటో అమ్మాయినీ చూడలేదు, బాంబునూ చూడలేదు. ప్యాచ్ నిలబడిందా లేదా అని మెడ సాచి చూశాడు. నిలబడింది.

ఇలోనా చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ముటలెమ్వా బండి దిగి, థర్మామీటర్ అందుకుని, ఆమె పక్కన నిలబడి, తాపీగా హెల్మెట్ తీశాడు.

మధ్యాహ్నం కిబోకో స్వయంగా సైట్‌కి వచ్చాడు. ఇలోనాను నమ్మింది తానే గనక మొహం ముడుచుకునే ఉన్నాడు. కోపం తీర్చుకోవడానికి ముటలెమ్వా దొరికాడు. ఇరవై ఆరేళ్ళు కాపాడిన కవర్ ఒక ఫోర్‌మన్‌కు తెలిసిపోవడమేమిటని నిలదీశాడు. తరువాత బ్యాబాటో వైపు తిరిగాడు.

"ఇతను గూఢచారి అని ఇంకెవరికి తెలుసు?"

"మా క్రూ అందరికీ తెలుసు బ్వానా. రోలర్ డ్రైవర్లకు, వంటామెకు కూడా" అన్నాడు బ్యాబాటో చేతులు తుడుచుకుంటూ. "కానీ బయట ఎవరికీ చెప్పలేదు. రహస్యం కదా."