నాన్న లేని ఇంటర్వ్యూ

ఇస్త్రీపెట్టె వేడి వాసనకి అమ్మ వంటగదిలోంచి తొంగి చూసింది. నాన్న నీలం చొక్కాని బల్లమీద పరిచి, కాలరు దగ్గర మరీ శ్రద్ధగా రుద్దుతున్నాడు.

"ఎక్కడికండీ, పెళ్ళికొడుకులా తయారవుతున్నారు?"

"ఇవాళ నేను పోయినవాణ్ణి కదా. పోయేదేదో కాస్త నీటుగా పోదామని."

అమ్మ చేతిలో గరిటె గట్టుమీద ఠంగుమని పడింది. ఆయన వేళాకోళాలు ఆ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. సిటీబస్సులో కండక్టరుగా బతుకంతా గడిపినవాడు. కాళ్ళు తొక్కుకుని కయ్యానికి దిగినవాళ్ళని కూడా నవ్వించి మరీ దింపేవాడు. మోకాళ్ళు మొరాయించాక ఉద్యోగం వదిలేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. కానీ ఈ మాటకి మాత్రం అమ్మకి నవ్వు రాలేదు. వచ్చే మాట కాదది.

వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు నాన్న పెట్టిన ముద్దుపేరు వాగుడుకాయ. ఇప్పుడు ఆఫీసులో అందరూ మేడం అంటారు. ఆమెదొక పీఆర్ ఏజెన్సీ. పేరు లేనివాళ్ళకి పేరు తెచ్చిపెట్టడం, పేరున్నవాళ్ళ పేరు చెడకుండా కాచుకోవడం ఆమె పని. ఇంటి ముందుగదిలో ఒక పాత బల్ల వేసుకుని మొదలుపెట్టింది. ఎన్ని గుమ్మాలెక్కినా ఎవరూ కూర్చోమని కూడా అనలేదు. చివరికి ఒక బిస్కెట్ల కంపెనీ యజమాని పిలిపించాడు. చుట్టూ అద్దాలున్న గది. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, "మీ నాన్నగారు ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగాడు.

కండక్టరన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నిగనిగలాడే ఆ నేలమీద తన అరిగిన చెప్పులు కనబడ్డాయి. "నా చిన్నప్పుడే పోయారండీ" అనేసింది.

యజమాని కుర్చీలోంచి లేచి తన చేత్తో మంచినీళ్ళు అందించాడు. ఆయన తండ్రి కూడా ఆయన పసితనంలోనే పోయాడట. ఆ పూటే పని ఇచ్చాడు. ఆ తర్వాత కనబడ్డ ప్రతివాడికీ "తండ్రి లేని పిల్ల, ఒంటిచేత్తో పైకొస్తోంది, ఒక చెయ్యి వేయండి" అని చెప్పుకొచ్చాడు. ఏజెన్సీ నిలదొక్కుకుంది. మెయిన్ రోడ్డుమీద ఆఫీసు వచ్చింది, జీతగాళ్ళు వచ్చారు. దాంతోపాటే అబద్ధం కూడా ఏపుగా పెరిగింది. "అబద్ధం ఒక్కటి ఆడకండి, మిగతాదంతా నేను చూసుకుంటా" అని క్లయింట్లకి పాఠాలు చెప్పే మనిషి, రాత్రి ఇంటికొచ్చి నాన్న పక్కన కూర్చుని అన్నం తినేది.

ఇవాళ ఆమెను ఇంటర్వ్యూ చేయడానికి టీవీవాళ్ళు ఇంటికే వస్తున్నారు. వాళ్ళకి ఆమె గురించి చెప్పింది కూడా ఆ యజమానే. ఇక దాచే దారిలేక నిన్న సాయంత్రం తల్లిదండ్రుల ముందు అంతా కక్కేసింది. అమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. నాన్న మాత్రం కాసేపు తన అరచేతులు చూసుకుని, "ఎన్నింటికొస్తారే?" అన్నాడు. అంతే.

చొక్కా తొడుక్కుని ఆయన గోడమీద ఫోటోలు ఒక్కొక్కటే దించాడు. కూతురి డిగ్రీ రోజున ముగ్గురూ దిగినది, ఆఫీసు తెరిచిన రోజుది, అన్నీ బీరువాలో పెట్టేసి, మీసం నల్లగా ఉన్నప్పటి ఫోటో ఒకటి తీసి బల్లమీద నిలబెట్టాడు.

"అడిగితే ఇది చూపించండి. ఇందులో కాస్త బావుంటాను."

"నాన్నా..." అంది వాగుడుకాయ.

"సాయంత్రం దాకా రాను. మీరు కంగారుపడకండి" అంటూ చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. ఎదురింటివాళ్ళు పలకరిస్తారేమో అని కాబోలు, తల వంచుకుని గోడ పక్కనుంచి నడిచాడు.

తలుపేసి అమ్మ గిర్రున తిరిగింది.

"చూశావా? సొంత ఇంట్లోంచి దొంగలా పోతున్నాడు మనిషి!"

"ఇవాళొక్క రోజే అమ్మా. ఇప్పుడు నిజం చెబితే ఆ బిస్కెట్ల కంపెనీ యజమాని నా మొహం మీద ఉమ్మేస్తాడు. ఉన్న పనులన్నీ పోతాయి. నన్ను నమ్ముకున్నవాళ్ళు రోడ్డున పడతారు."

"నిన్ను నమ్ముకున్నవాళ్ళలో మీ నాన్న లేడా?"

బయట వ్యాను ఆగిన చప్పుడైంది.

యాంకరమ్మ మంచిదే, నవ్వుమొహం. కెమెరా అతను లైట్లు సర్దుతూ సోఫా జరిపాడు, కర్టెన్లు మూశాడు. వాగుడుకాయ తన కథ గడగడా చెప్పింది. తర్వాత యాంకరమ్మ అమ్మని సోఫాలో కూర్చోబెట్టి, ఆ ఫోటోని ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఆయన గురించి చెప్పండమ్మా. ఏదైనా సరే, మీకు తోచింది."

అమ్మ ఫోటోకేసి చూసింది. చాలాసేపు చూసింది.

"వానాకాలంలో ఎవరైనా తడుస్తూ పరిగెత్తుకొస్తుంటే బస్సు ఆపేసేవాడు" అని మొదలుపెట్టింది. "డ్రైవరు తిట్టేవాడు. ఈయన ఆ తిట్లన్నీ పడేవాడు. పిల్లని సెలవుల్లో బస్సులో తిప్పేవాడు. అది ఆ గుంపులో అందరితోనూ ఒకటే కబుర్లు. ఇది నోటితోనే బతుకుతుంది చూడు, అనేవాడు. ఎంత మురిసిపోయేవాడో..." ఫోటోని గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "అయ్యో, ఎంత పాపం చేశానండీ మీకు!"

కెమెరా అతను అమ్మ మొహానికి ఇంకా దగ్గరగా జరిగాడు. వాగుడుకాయకి తన పని బాగా తెలుసు. చూసినవాళ్ళెవరూ ఈ ముక్కని మరిచిపోరని ఆమెకి తెలుసు. ఎంత బాగా వచ్చిందీ అని ఒక్క క్షణం మనసులో అనుకుంది కూడా. అనుకున్నాక తనంటే తనకే అసహ్యం వేసింది.

"అద్భుతం అమ్మా" అంది యాంకరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకొక్కసారి, ఆయన పోయిన రోజు గురించి..."

"ఆపండి" అంది వాగుడుకాయ. "మా నాన్న బతికే ఉన్నారు. నేనే చంపేశాను."

టీవీవాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళేదాకా ఎవరూ ఎవరి మొహం చూడలేదు. వాళ్ళు చెప్పేలోగా తనే చెప్పాలని ఆమె బిస్కెట్ల కంపెనీ యజమానికి ఫోన్ చేసింది. ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నేను మా నాన్నని నిజంగా పోగొట్టుకున్నానమ్మా" అన్నాడు మెల్లగా. ఫోన్ పెట్టేశాడు.

నాన్న ఎక్కడుంటాడో అమ్మకి తెలుసు. ఆయనకి బస్సు పాసుంది, మనసు బాగోకపోతే పాత రూటులోనే అటూ ఇటూ తిరుగుతాడు. వాగుడుకాయ బస్టాపులో నిలబడి వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి దిగింది. చివరికి ఒకదాంట్లో వెనక వరసలో నీలం చొక్కా కనబడింది. గుంపుని తోసుకుంటూ వెళ్ళి పక్కన కూర్చుంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. గబుక్కున కిటికీ వైపు జరిగిపోయాడు.

"ఎందుకొచ్చావే? ఎవరైనా చూస్తారు. దిగిపో" అన్నాడు గొంతు బాగా తగ్గించి.

ఆమెకి ఏడుపు ఆగలేదు. పెద్దగా, చిన్నపిల్లలా ఏడ్చేసింది. బస్సంతా తిరిగి చూసింది. కుర్ర కండక్టరు టికెట్లు వదిలేసి వచ్చాడు.

"ఏమైందమ్మా? ఈ పెద్దాయన ఏమైనా అన్నాడా?"

"నేనేం అన్లేదు బాబూ" అన్నాడు నాన్న, కూతురి వైపు తిరక్కుండా. "ఆ అమ్మాయెవరో నాకు తెలీదు."

"తెలీకపోతే ఎందుకేడుస్తుందయ్యా? వయసుకి తగ్గ పనులు చెయ్. లే, దిగు ముందు!"

ముందు సీట్లలో ఎవరో ఛీ అన్నారు. ఒకావిడ ఆయన్ని ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది. ఏళ్ళ తరబడి ఆ బస్సుల్లో పెద్దరికంగా తిరిగిన మనిషి, అంత మాటా పడి, నోరెత్తకుండా సీటు కమ్మీ పట్టుకుని లేవబోయాడు. మోకాళ్ళు సహకరించలేదు.

వాగుడుకాయ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. నలుగురి తరఫునా మాట్లాడి బతికే ఆ పిల్లకి, తన తరఫున ఒక్క మాట చెప్పడానికి ఊపిరి అందలేదు.

"ఈయన మా నాన్న" అంది. ఎవరికీ వినబడలేదు. లేచి నిలబడి అరిచింది. "ఈయన మా నాన్నండీ! ఈయన కండక్టరు. నేను ఈయన కూతుర్ని!"

కుర్ర కండక్టరు బిక్కమొహం వేసి చేతులు జోడించాడు. నాన్న మళ్ళీ కూలబడ్డాడు. అంత వేళాకోళం మనిషికీ ఆ పూట ఒక్క హాస్యం తట్టలేదు. మెల్లగా అడిగాడు.

"మరి ఆఫీసో?"

"పోతుంది నాన్నా."

"అయ్యో" అన్నాడాయన. పరాయివాడి చేత అన్ని మాటలు పడ్డప్పుడు రాని కన్నీళ్ళు, కూతురి ఆఫీసు పోతుందంటే వచ్చాయి.