తల్లిగొర్రెకు పాడిన పాట

పొద్దున్నే గుడారం పైకప్పులో పొగ పోయే రంధ్రంలోంచి ఎండ దిగి గొంబో మోకాళ్ల మీద వాలింది. చలి తగ్గుతోంది. ఈ వెచ్చదనమైనా తనను మరిచిపోలేదనుకున్నాడు ముసలాయన.

చలికాలంలో వచ్చిన పక్షవాతం చేతిని తిరిగి ఇచ్చింది గానీ మాటను ఇవ్వలేదు. టీ అడుగుదామని నోరు తెరిస్తే "అది... అది..." అనే వస్తుంది.

"మధ్యాహ్నం జీపు వస్తుంది హోర్లో. నాన్నను పట్నం తీసుకుపోతున్నా," అంది కూతురు యంజ్మా, ఆయన బట్టలు మూటగడుతూ.

"మామయ్య నాలుగు గోడల మధ్య ఉండగలరా వదినా?" అంది కోడలు హోర్లో.

"ఇక్కడేం బాగున్నాడు? చప్పుడు చెయ్యొద్దని రేడియోని కూడా గుడ్డలో చుట్టేశావు!"

"డాక్టరమ్మ విశ్రాంతి కావాలంది కదా..."

"విశ్రాంతి అంది గానీ, ఇంటిల్లిపాదినీ నోరు కుట్టేసుకోమందా?"

ఇద్దరి మధ్యా గొంబో మరో మూటలా కూర్చున్నాడు. వెళ్లనని చెప్పాలి. ఒక్క మాట చాలు. అదే లేదు.

బయట గొర్రెపిల్ల అరిచింది. తొలిచూలు గొర్రె ఒకటి రెండు రోజులుగా పిల్లను దగ్గరికి రానివ్వకుండా తన్నేస్తోంది.

"అత్తయ్య బతికుంటే పాట పాడి దాన్ని మచ్చిక చేసి, పిల్లకు పాలు తాగించేది," హోర్లో నిట్టూర్చింది. "నిన్న నేను పాడితే కుక్క లేచి వెళ్లిపోయింది."

గొంబో కర్ర పట్టుకుని లేచి, బయట ఆ గొర్రె దగ్గరికి నడిచాడు. నలభై ఏళ్లు భార్య దులమా పాడుతుంటే గొర్రె మెడ పట్టుకున్నది తనే. ఇప్పుడూ చెయ్యి అలవాటుగా అక్కడికే పోయింది. గాలి మెత్తగా వీస్తోంది. పక్కన దులమా కూర్చున్నట్టే ఉంది. గొర్రెలను బుజ్జగించే ఆమె పిలుపుతో గొంతు తనంతట తానే కదిలింది.

"టోయిగ్... టోయిగ్... నీ బిడ్డేనే... వాసన చూడవే..."

పోయిన మాటలు గుర్రమెక్కినట్టు ఆ రాగమెక్కి తిరిగొస్తున్నాయి. గుమ్మంలోకి వచ్చిన యంజ్మా చేతిలోని మూట జారిపోయింది. ఎంతసేపు పాడాడో తెలియదు. గొర్రె చెవులు వాల్చి నిలబడింది. పిల్ల పొదుగు కిందికి దూరింది. దాని తోక టపటపా ఆడింది.

గొంబో పాట ఆపలేదు. కూతురి వైపు తిరిగాడు.

"యంజ్మా తల్లీ... నేను రానే... మీ అమ్మ పాడిన నేలే ఇది..."

"నాన్నా! నీకు మాటొచ్చింది!"

అవునని చెప్పబోయి ఆయన పాట ఆపాడు. "అది... అది..."

యంజ్మా ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, తల్లి రాగాన్ని అందుకుంది.

"టీ కావాలా నాన్నా... టోయిగ్... టోయిగ్..."

"కావాలే... ఉప్పు కాస్త ఎక్కువెయ్యవే..."

యంజ్మా ఏడుస్తూనే పకపకా నవ్వింది. మూడు నెలలు ఆయన చుట్టూ అందరూ గుసగుసలాడారు. ఒక్కరూ పాడలేదు.

దూరాన జీపు దుమ్ము లేచింది.

"హోర్లో, దాన్ని వెనక్కి పంపించు," అంది యంజ్మా తండ్రి చెయ్యి వదలకుండా. "అంతకంటే ముందు ఆ రేడియోని విప్పవే!"