పుట్టని దూడలో సగం

ఆ పొద్దు సంతలోకి అడుగుపెట్టినప్పుడు మొలలో డబ్బు కాక పానకాలు దగ్గర ఉన్నవి మూడే: భుజాన తుండుగుడ్డ, చొక్కాకి పచ్చగా వెలిగే నమ్మికబిళ్ళ, ఇరవయ్యేళ్ళ దళారీ పేరు. బిళ్ళ వెలిగినంతకాలం పేరు ఉంటుంది. పేరు ఉన్నంతకాలం తుండుగుడ్డకి పని ఉంటుంది.

పశువు రేపటిని ముందే చెప్పే రేపుద్వారం కింద పశువులు ఒక్కొక్కటే నడుస్తున్నాయి. ద్వారం దాటగానే కొమ్ముల మధ్య గీత పడుతుంది. పచ్చగీత పడితే ఈనుతుంది, పాలిస్తుంది. ధర ఆ గీతే చెబుతుంది. ఎర్రగీత పడితే ఏడాది తిరగదు. మరుసటి సంతకల్లా కబేళా బండి ఎక్కాలి. బేరగాళ్ళు తుండుగుడ్డ కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి ధర చెప్పుకోవడం ఇప్పుడు వట్టి మర్యాద. గుడ్డ కింద ఎంత పెనుగులాడినా చివరికి ద్వారం ముందే చెప్పిన ధరకే వస్తారు.

సామ్రాజ్యం అనే ఆమె తన గేదెపడ్డను లాక్కొచ్చింది. కొమ్ముల మధ్య ఎర్రగీత.

“బాబాయ్, ఎముకల ధర మీద ఓ పిసరు ఎక్కువ ఇప్పించు. మాకున్నది ఇదొక్కటే. ఇది పోతే మళ్ళీ పాడి మొహం చూసేది లేదు.”

పక్కనున్న దళారీ మస్తాన్ నవ్వాడు. “గీత చూళ్ళేదా అక్కా? అవి నడిచే ఎముకలే. బేగి తోలు, దార్లో పడితే మోసేది నువ్వే.”

పానకాలు ఆ గేదెపడ్డ డొక్క మీద చెయ్యి వేశాడు. “ఈ గీత ఎప్పుడు పడింది?”

“పోయిన సంతకి.”

“అప్పుడూ ఇంత బక్కగానే ఉందా?”

“అబ్బే, నిగనిగలాడేది! గీత పడ్డాక మా ఆయన తవుడు మానిపించాడు. పోయేదానికి దండగంట. కుడితి కూడా నేను దొంగతనంగా పెడుతున్నా.”

పానకాలు చెయ్యి అక్కడే ఆగింది. తాను బండి ఎక్కించిన ఎర్రగీతలన్నీ గుర్తొచ్చాయి. బతుకుతుందా అని చూసే వీలు ఒక్కదానికీ ఇవ్వలేదు. ద్వారం మాట తప్పదని అందరూ అంటారు. తప్పనిచ్చింది ఎవరు?

ఆమె చేతిని తుండుగుడ్డ కిందికి తీసుకుని వేళ్ళు నొక్కాడు. ఆమె ఉలిక్కిపడింది.

“బాబాయ్, ఇది పచ్చగీత ధర!”

“అరవమాక. కొన్నది నేను, మేపేది నువ్వు. నీకే పాలికి తోలుతున్నా. ఈనితే దూడలో సగం నీది, సగం నాది.”

మస్తాన్ నవ్వు ఆగిపోయింది. “పిచ్చి పట్టిందా పానకాలూ? చచ్చేదాన్ని పాలికా? ద్వారం మాట కాదంటే బిళ్ళ పోద్ది. ఇక నీ గుడ్డ కిందికి చెయ్యెవడు పెడతాడు?”

“నువ్వు పెట్టవా?”

మస్తాన్ మొహం తిప్పుకున్నాడు.

పానకాలు ద్వారం ముందు నిలబడి బేరం పైకి చెప్పాడు. ద్వారం లెక్క మళ్ళీ వేసుకుంది. దాని లెక్కలో ఎర్రగీత పశువుకి మేపేవాళ్ళు లేరు. ఇప్పుడు ఇద్దరు తేలారు. కొమ్ముల మధ్య గీత మిణుకుమిణుకుమని ఆరిపోయింది. పచ్చ మాత్రం రాలేదు. కబేళా వరసలో ఒక ముసలాయన తన ఎద్దు పలుపు వెనక్కి లాగాడు. అది చూసి ఇంకొకరు.

పానకాలు చొక్కా మీద బిళ్ళ కూడా ఆరింది.

“ఈనుతుందంటావా బాబాయ్?”

“తెలీదమ్మాయ్.” ఇన్నేళ్ళలో ఏ బేరంలోనూ అనని మాట అది. “ముందు తవుడు పెట్టు.”

సంత దాటాక లెక్క చూసుకున్నాడు. పోయినవి: డబ్బుతో పాటు బిళ్ళ, పేరు, మస్తాన్ పలకరింపు. తుండుగుడ్డ మిగిలింది, దాని కిందికి ఇక చెయ్యి వస్తుందో రాదో. వచ్చింది మాత్రం ఒకటే: పుట్టని దూడలో సగం.