ఎల్లన్న బావి తాడు

మానవపాడు దాటి మిరప చేలల్లోకి మళ్ళితే ఎల్లన్న బావి. పొద్దుగూకినంక ఆ దారిన ట్రాక్టరు కూడా పోదు. బోర్లొచ్చాక చుట్టుపక్కల బావులన్నీ పూడ్చేసిన మొనగాళ్ళు దీని జోలికి మాత్రం రాలేదు. ఆడపిల్లల్ని మింగే బావి అని పేరు. పన్నెండేండ్ల కింద ఎల్లన్న కూతురు సౌందర్య, పదేండ్ల పిల్ల, ఈత నేర్చుకుంటూ అందులోనే పోయింది. అప్పటినుంచి రాత్రిపూట నీళ్ళ దగ్గర గుసగుసలు వినపడతాయట. విన్నామన్న మగవాళ్ళలో సగంమంది ఆ పూట మందు మీద ఉన్నవాళ్ళే — అది వేరే సంగతి.

మిరపకాయలు తెంపే కూలికి పోయే వనజ నాకు చెప్పిన మాట ఇది.

వనజ బిడ్డ భవ్యశ్రీకీ పదేండ్లే. పిల్ల చేతులు పొడవు, ఊపిరి గట్టిది, ఈత వస్తే చాలు, ఉగాది దాటాక ఆటల హాస్టల్ ఎంపికకు నేనే తీసుకుపోతానన్నాడు బడిలో ఆటలు నేర్పే ప్రభుదాసు సారు. ఎంపికైతే చదువు, తిండి, పోటీలు. కాకపోతే తల్లి వెంట మిరప చేనే. ఈదేటన్ని నీళ్ళున్న చోటు ఒక్కటే — ఆ బావి.

ఊరంతా వద్దన్నది. దెయ్యముంటే ముందు నాకే కనపడనీ అని, వనజ ఒక రాత్రి ఒంటరిగా పోయింది.

మెట్ల మీద... మనిషి.

కింది మెట్టు మీద కూర్చున్నాడు. చేతిలో తాడు. దాని రెండో కొస నల్లటి నీళ్ళలోకి దిగి ఉంది. పెదాలు కదులుతున్నాయి...

వనజ కాళ్ళు మెట్టుకు అతుక్కుపోయాయి. సెల్‌ఫోన్ లైటు వేసింది —

ఎల్లన్న.

"గింత రాత్రి గీడ ఏం చేస్తున్నవ్ మామా?"

అతను తల తిప్పలేదు. నీళ్ళతో చెప్పినట్టే చెప్పాడు. ఈత నేర్పేవాళ్ళంతా చేసేదే తనూ చేశాడట. నడుముకు తాడు, మునగకుండా వీపుకు బెండ్లు. రోజుకో బెండు తీసెయ్యడం. ఆఖరి రోజు పిల్లకు చెప్పకుండా తాడు వదిలెయ్యడం. వాళ్ళ నాయన తనకూ అట్లాగే నేర్పాడు.

"నాయినా, పట్టుకున్నవా అనడిగింది. పట్టుకున్న బిడ్డా అన్న... అప్పటికే ఇడిశిన."

వనజకు భయం పోయింది. ఊరు వింటున్న గుసగుస ఈ ముసలాయనదే. పన్నెండేండ్లుగా ఒక తండ్రిని దెయ్యం చేసి కూర్చున్నారు, ఒక్కడూ పలకరించిన పాపాన పోలేదు.

మర్నాటినుంచే ఈత మొదలు. చేను పని ముగిశాక, మునిమాపున. నీళ్ళలో సారు, మెట్టు మీద తాడు పట్టుకొని వనజ. బెండ్లు ఒక్కొక్కటే పోయాయి. ఆఖరి రోజు సారు మెల్లగా సైగ చేశాడు — వదిలెయ్.

వనజ తల అడ్డంగా ఊపింది.

"గట్లయితే పిల్లకు ఎన్నటికీ ఈత రాదు వనజమ్మా."

"రాకుంటే మాయె సారూ. నేనైతే ఇడువ."

పిల్ల విన్నట్టుంది. నడుము దగ్గరి ముడి తనే విప్పుకుంది. ఆ గోడ తాకి, ఈ గోడ తాకి, నాలుగుసార్లు తిరిగింది — తాడు లేదు, బెండు లేదు. సారు వెనకే ఈదుతూ పోయి అవతలి మెట్లెక్కించాడు. చీకటి పడింది. ఇద్దరూ వణుకుతూ నవ్వుతున్నారు.

"అమ్మా, ఇగ తాడు గుంజుకో. ఇంటికి పోదాం."

వనజ చూసింది. బిడ్డ ఒడ్డున ఉంది. సారు ఒడ్డున ఉన్నాడు. బావిలో ఎవరూ లేరు.

తాడు మాత్రం బిగుసుకొని ఉంది.

గుంజింది. రాలేదు. రాయికి తట్టుకుందేమో అన్నాడు సారు. అంతలో కిందనుంచి... మెల్లగా... తాడును ఎవరో లాగారు. ఆగారు. మళ్ళీ లాగారు.

రాత్రికి ఎల్లన్న వచ్చి ఆ కొస అందుకునేదాకా వనజ తాడు పట్టుకొని అట్లాగే నిలబడిందట. అక్కడే పారేసి ఉరకాల్సింది కదనే పిచ్చిదానా అన్నాను నేను.

వనజ తన అరచెయ్యి చూసుకుంది.

"ఎట్ల ఇడుస్తనక్కా... చిన్నపిల్ల పట్టు అది."